ఉసి

వీణావాదనతత్త్వజ్ఞః శ్రుతిజాతివిశారదః
తాలజ్ఞశ్చాప్రయాసేన మోక్షమార్గం నిగచ్ఛతి

యాజ్ఞవల్క్య స్మృతిలోది ఈ శ్లోకం. ఆస్తి పంపకాలు, అప్పులు, ప్రాయశ్చిత్తాలు చెప్పే ధర్మశాస్త్రంలో ఉన్నట్టుండి వీణ మాట వస్తుంది. వీణ మర్మం ఎరిగి, శ్రుతుల్లో, జాతులనే పాతకాలపు రాగరీతుల్లో ఆరితేరి, తాళం తెలిసినవాడు ప్రయాస లేకుండా మోక్షమార్గం పడతాడట. వీణ, శ్రుతి సరే, వాటి పక్కన తాళానికి అంత పీట ఎందుకు వేశారా అని చాలాకాలం నాకు అనుమానం.

మాది విజయనగరం. చిన్నప్పుడు నాకు పాట నేర్పింది అమ్మమ్మే. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, ఆదితాళం. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. మళ్లీ దెబ్బ, ఉసి, దెబ్బ, ఉసి. ఉసి అంటే అరచెయ్యి వెల్లకిలా తిప్పడం, అంతే. చప్పుడు లేదు కదా అని నేను దాన్నే ఎగ్గొట్టేదాన్ని. "ఏటే గుంటా, ఉసి మింగేసేవు?" అని తొడమీద ఒక్కటి వేసేది. అది మాత్రం సశబ్ద క్రియే!

ఎనిమిది అక్షరాల, అంటే ఎనిమిది లెక్కల ఆదితాళంలో చప్పుడయ్యేవి మూడే. మిగతా అయిదూ సైగలు. పుస్తకం తెరిచినా అంతే: దెబ్బా వేళ్ల లెక్కా కలిసిన లఘువుకి నిలువుగీత, దెబ్బా ఉసీ కలిసిన ద్రుతానికి సున్నా, తారస్థాయి స్వరానికి నెత్తిన చుక్క, మంద్రానికి కింద చుక్క, స్వరం సాగే చోట కామా. నోరు పలకనివి కూడా లెక్కలోకి రావాలి. సరస్వతి చేతుల్లో వీణా పుస్తకాలతో పాటు జపమాల ఎందుకుందో అప్పుడు తట్టింది. వేళ్ల కణుపుల మీద జపం లెక్కపెట్టే చెయ్యే తాళమూ వేస్తుంది.

మా ఊరి సంగీత కళాశాల 1919లో పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, అయిదింటితో అయిదు తాళాలు ఒకేసారి వేసేవారని చెప్పుకుంటారు. 'అప్రయాసేన' అన్న మాట అలాంటివారికి చెల్లుతుంది. నాకు ఒక్క ఆదితాళానికే టెన్షన్.

మూలా నక్షత్రం నాడు ఇంట్లో సరస్వతీ పూజయ్యాక భజన చేస్తాం. అందరం చప్పట్లే చప్పట్లు. అమ్మమ్మ ఒక్కతే ఒక చప్పట్టు కొట్టి, ఒకసారి చెయ్యి తిప్పుతుంది. భజనకి కూడా ఉసి ఏంటి అమ్మమ్మా అన్నాను.

"అమ్మవారికి ఊపిరి సలపనివ్వొద్దేటే?" అంది.