జీతంలో కోసిన ఈఎస్ఐ ఎక్కడికి పోయింది?

జీడిమెట్లలో ఒక చిన్న ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. ప్రతి నెలా 15వ తేదీలోపు పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) చలాన్లు కట్టేవరకు నాకు టెన్షనే. ఒక్క పేరు తప్పినా ఆ ఇంట్లో ఎవరి వైద్యమో ఆగిపోతుంది.

అందుకే మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ అన్న పేస్లిప్ చూసి ఒళ్లు మండింది. జీతం 14,000. అందులో ఈఎస్ఐ కింద 0.75 శాతం, అంటే 105 రూపాయలు నెలనెలా కోస్తున్నారు. అతన్ని పనిలో పెట్టుకున్న సెక్యూరిటీ ఏజెన్సీ తన వంతు 3.25 శాతం, 455 రూపాయలు కలిపి కట్టాలి. కట్టలేదు. "పైసలైతే కోస్తున్నరు మేడమ్, ఆన్‌లైన్ల చూస్తే ఒక్క నెల గూడ పడలే" అన్నాడు. భార్య ఆపరేషన్ అప్పు చేసి ప్రైవేటులో చేయించాడు. పనివాడి జీతంలో కోసి కట్టకపోవడం జైలు శిక్ష పడే నేరం.

జబ్బులో, ముసలితనంలో ఆదుకోవాలని రాజ్యాంగం 41వ అధికరణంలో ఉంది. బతకడానికి సరిపడే వేతనం గురించి 43లో ఉంది. కానీ ఇవి ఆదేశిక సూత్రాలు. వీటి కోసం నేరుగా కోర్టుకెక్కలేమని 37వ అధికరణమే చెప్తుంది. దారి వెతికింది సుప్రీంకోర్టే. ఢిల్లీ ఏషియన్ గేమ్స్ కట్టడాల కూలీల గురించి జస్టిస్ భగవతికి వచ్చిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని, కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకునే పని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని 1982లో తీర్పిచ్చింది. ఆకలికి తాళలేక ఒప్పుకున్నా అది బలవంతపు పనేనంది. దొరల గడీల్లో వెట్టి చేసిన ముత్తాతలున్న ఇళ్లు తెలంగాణలో ఎన్నో, మనకు ఆ తీర్పును ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 1995లో ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని కూడా చెప్పింది.

గొప్ప తీర్పులే. కానీ నైట్ డ్యూటీ దిగి ఇంకో పనికి పరిగెత్తే మనిషి ఢిల్లీ దాకా ఎలా పోతాడు? పిల్లల చదువు కూడా ఒకప్పుడు ఆదేశిక సూత్రమే. 2002లో 86వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోకి వచ్చింది. కార్మికుడి వైద్యం, పింఛను కూడా అక్కడికే రావాలి.

ఈలోగా అపార్ట్‌మెంట్ కమిటీల్లో ఉన్నవాళ్లు ఏజెన్సీ బిల్లుతో పాటు ఈఎస్ఐ చలానా, దాని పేర్ల జాబితా అడగండి. చలానా ఒక్కటే చాలదు, మీ గేటు దగ్గర నిలబడే మనిషి పేరు అందులో కనబడదు. మా కమిటీలో "మనకెందుకీ గొడవ" అన్నవాళ్లున్నారు. నేను పట్టుబట్టాను. జీతాల డబ్బు ఇచ్చేసి, జాబితా వచ్చేదాకా ఏజెన్సీ సర్వీస్ చార్జీ మాత్రం ఆపాం.