గేర్‌బాక్స్ దించమన్నారు

మా డీజిల్ పికప్ ఆటోమేటిక్. కావలి దాటాక హైవే మీద డెబ్బైలో సాఫీగా పోతుంటే, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా పెట్టినప్పుడే బండి దడదడ వణికేది, రంబుల్ స్ట్రిప్స్ ఎక్కినట్టు. గట్టిగా తొక్కితే మాయం.

ఒక షెడ్డులో బానెట్ కూడా ఎత్తకుండా "గేర్‌బాక్స్ దించాల్సిందే" అన్నారు. రొయ్యల రేటు పడిపోయిన టైములో ఈ మాట వింటే టెన్షన్ రాదా మరి!

నెల్లూరులో ఒక పెద్దాయన బండి తనే తోలి చూశాడు. వణుకు మొదలవగానే ఎడమ కాలితో బ్రేక్ లైట్ వెలిగేంత మాత్రం తాకాడు. వణుకు ఠక్కున ఆగింది. "చూశావా అబ్బయా, బ్రేక్ తాకితే కన్వర్టర్ లాకప్ వదిలేస్తుంది. అనుమానం అక్కడే" అన్నాడు. కన్వర్టర్ అంటే ఇంజిన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది; లాకప్ అంటే సాఫీగా పోతున్నప్పుడు ఆ రెంటినీ నేరుగా బిగించే క్లచ్. స్కానర్లోనూ పి0741 వచ్చింది, ఆ టార్క్ కన్వర్టర్ క్లచ్‌లో లోపం చెప్పే కోడ్.

ఈ బాక్సుకు ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ లేదు. ఆయిల్ తగినంత వేడెక్కాక, ఇంజిన్ ఆన్‌లో ఉంచే కింద లెవెల్ ప్లగ్ విప్పాలి. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ నల్లబడి, మాడు వాసన. బాక్సు అడుగున ఆయిల్ నిలిచే పాన్‌లోని అయస్కాంతానికి బూడిదరంగు మడ్డి పట్టింది. వేలికి రాసుకుని చూపించాడు: మెత్తగా ఉంది, ఇనుప పొలుసులు లేవు. బాక్సు దించక్కర్లేదన్నాడు.

ఆయిల్ మార్చాం. ఒకసారి తీస్తే మొత్తం రాదు, కన్వర్టర్లో చాలా మిగిలిపోతుంది. కొన్నాళ్లు తిప్పి మళ్లీ మార్చాం. వణుకు చాలావరకు పోయింది. మళ్లీ మొదలైతే కన్వర్టర్ మార్చక తప్పదని ముందే చెప్పాడు, చూడాలి.