అంతర్వేది స్వామికి మా చిన్నోడి తలనీలాలు

ఆదివారం రాత్రే తిరిగొచ్చాం. బ్యాగు దులిపితే ఇంకా ఇసుక రాలుతోంది. మర్చిపోకముందే రాసుకోవాలని కూర్చున్నాను.

ఆగస్టులో చిన్నోడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోయిన రాత్రి అమ్మ పసుపుగుడ్డలో పదకొండు రూపాయలు ముడుపు కట్టి, "నరసింహా, వీడు లేచి తిరిగితే నీ దగ్గర తలనీలాలు ఇప్పిస్తాను" అని మొక్కుకుంది. మూడో రోజుకి వాడు ఇడ్లీ అడిగాడు. ఇక ఆ ముడుపు తీర్చేదాకా అమ్మ మమ్మల్ని ఊరుకోనివ్వలేదు.

శుక్రవారం రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పొద్దున్నే నరసాపురం రేవులో పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లి నుంచి ఆటోలో గుడికి చేరాం. భీష్మ ఏకాదశి రథోత్సవానికి జనం ఎలాగూ విరగబడతారు. మామూలు శనివారం కూడా ఇంత రద్దీ ఉంటుందని అనుకోలేదు.

గుండు చేయించేటప్పుడు చిన్నోడు గుక్కపట్టి ఏడ్చాడు. తల మీద రెండు చోట్ల చిన్నగా గీసుకుంది. పైన ఎండ, సముద్రపు ఉప్పుగాలి. మంటకి వాడు నా మెడ వదలడు. గంధం తెచ్చుకోవడం మర్చిపోయాను. అక్కడే కొబ్బరికాయలు అమ్ముకునే ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, బేరం వదిలేసి లేచొచ్చింది. తన గిన్నెలో గంధం కలిపి, వాడి తలని ఒళ్ళో పెట్టుకుని నుదుటి నుంచి మెడ దాకా నెమ్మదిగా రాసింది. గీసుకున్న చోట వేలు ఆపి ఉఫ్ ఉఫ్ అని ఊదింది. వాడు వెక్కిళ్ళు ఆపి ఆవిడ గాజులతో ఆడుకోవడం మొదలెట్టాడు. నేను యాభై రూపాయలు ఇవ్వబోతే, "మొక్కు బిడ్డ దగ్గర డబ్బులేంటమ్మా! స్వామికి చూపించుకో, ఫో" అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

క్యూలో రెండున్నర గంటలు నిలబడ్డాం. చంటిపిల్లలకీ ముసలివాళ్ళకీ వేరే వరస పెడితే ఎంత పుణ్యం! వెనకనుంచి తోపులాట, ముందు ఎవరో పక్కనుంచి దూరిపోవడం. అమ్మ మోకాళ్ళు పట్టేశాయి. నాకు కోపం వచ్చి ఒకాయనతో గొడవపడ్డాను కూడా. తీరా గడప దగ్గరికి వచ్చేసరికి "నడవండమ్మా, నడవండి" అని ఒకటే అరుపులు. సరిగ్గా అప్పుడే లోపల హారతి వెలిగించారు. ఆ వెలుగులో లక్ష్మీ సమేతుడైన స్వామి ఒక్క క్షణం, కళ్ళతో సహా కనిపించారు. అడగాలనుకున్నవేవీ గుర్తు రాలేదు. చిన్నోణ్ణి పైకెత్తి, "వీడేనయ్యా" అన్నాను. అంతే, ముందుకు తోసేశారు.

ముడుపు వాడి చేత్తోనే హుండీలో వేయించాం. 2020లో పాత రథం కాలిపోయినప్పుడు అమ్మ ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చింది. ఈసారి రథశాల బయట నిలబడి కొత్త రథానికి చాలాసేపు దణ్ణం పెట్టుకుంది.

సాయంత్రం అన్నాచెల్లెళ్ళ గట్టుకి వెళ్ళాం. ఇటు గోదారి, అటు సముద్రం. చిన్నోడు రెండు వైపులా కాళ్ళు తడుపుకుంటానని పేచీ పెట్టాడు, తడుపుకున్నాడు.

తిరుగు పంటులో నా భుజం మీదే నిద్రపోయాడు. ఎండిన గంధం పెచ్చులుగా రాలి చీరంతా పడింది. ఆ చీర ఇంకా ఉతకలేదు.