రంగును నమ్మకుండా తీగలను గుర్తించిన విధానం: నా అనుభవం

పెదవాల్తేరులోని మా పాత ఇంట్లో హాలు స్విచ్ బోర్డు మార్చడానికి మూత విప్పినప్పుడు లోపల మూడు నల్ల తీగలు, వెలిసిపోయిన ఎర్ర తీగ ఒకటి కనిపించాయి. సముద్రపు గాలికి వాటి రాగి చివరలకు పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎరుపే ఫేజ్, అంటే కరెంటు వచ్చే తీగ, అయి ఉంటుందని మావారు అన్నారు. పాత వైరింగులో చేతికందిన తీగనే వాడేసిన ఇళ్లు ఎన్నో ఉంటాయి కనుక, కొలవకుండా దేనినీ ముట్టుకోకూడదని నేను పట్టుబట్టాను. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పక్కన ఉండమని పిలిచాను.

మెయిన్ ఆపి, చివరలను శుభ్రం చేసి, ఒకదానికొకటి తగలకుండా టెర్మినళ్లలో బిగించాము. మల్టీమీటరులో నల్ల ప్రోబ్‌ను కామన్‌లోనూ, ఎర్ర ప్రోబ్‌ను వోల్టుల రంధ్రంలోనూ పెట్టి, 600 వోల్టుల ఏసీకి తిప్పాను. మీటరు సరిగా పనిచేస్తోందో లేదో ముందుగా పనిచేస్తున్న ప్లగ్గులో చూసుకున్నాను. పని ముగిశాక కూడా అలాగే చూడాలి.

కరెంటు ఇచ్చి జతజతగా కొలిస్తే, ఒక నల్ల తీగకు మిగిలిన రెండు నల్ల తీగలతోనూ 230కి దగ్గరగా వచ్చింది, ఆ రెండింటి మధ్య మాత్రం ఒకటి రెండు వోల్టులే కనిపించాయి. అంటే రెండు కొలతలకూ ఉమ్మడిగా ఉన్నదే ఫేజ్. ఎర్ర తీగ చిక్కు పెట్టింది. హోల్డరులో బల్బు లేనప్పుడు ఫేజ్‌తో కొలిస్తే అంకె డెబ్బై దగ్గర ఊగిసలాడింది. ఒకే పైపులో పక్కపక్కన నడిచే తీగల వల్ల, ఎక్కడా కలవని తీగలో ఇలాంటి దొంగ వోల్టేజి కనిపిస్తుంది. మీటరు దాదాపుగా కరెంటు తీసుకోదు కనుక అది పడిపోదు. హోల్డరులో పాత ఫిలమెంట్ బల్బు పెట్టగానే ఆ కొలత నిండు వోల్టేజికి చేరింది. దాంతో అది స్విచ్చు నుండి దీపానికి వెళ్లే తీగేనని తేలింది.

న్యూట్రల్‌నూ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) ఎర్త్‌నూ (నేలకు కలిపే రక్షణ తీగ) వేరుచేయడమే అసలైన పని, ఎందుకంటే వోల్టేజి కొలతలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంచే మెయిన్ ఐసోలేటరును ఆపి, ప్లగ్గులన్నీ తీసేశాము. డిస్ట్రిబ్యూషన్ బాక్సులోని న్యూట్రల్ లింకు (న్యూట్రల్ తీగలన్నీ కలిసే పట్టీ) నుండి ఆ సర్క్యూట్ తీగను విడదీసి, కరెంటు లేదని మరోసారి కొలిచిన తరువాతే మీటరును కంటిన్యుటీకి, అంటే రెండు చివరల మధ్య తీగ తెగకుండా ఉంటే బీప్ అనే అమరికకు, మార్చాము. ఎర్త్ లింకు నుండి పొడవాటి తీగ ఒకటి లాక్కొచ్చి ఆ రెండు నల్ల తీగలకూ తాకిస్తే, ఒకటి బీప్ అంది, రెండోది మౌనంగా ఉండిపోయింది. బీప్ అన్నదే ఎర్త్.

ఫేజ్‌కు ఎర్ర టేపు, ఎర్త్‌కు ఆకుపచ్చ టేపు చుట్టి, స్విచ్చు ఫేజ్‌నే తెంచేటట్లు బిగించాము. కొత్త సాకెట్‌లో, ఎదురుగా నిలబడి చూస్తే కుడి రంధ్రంలో ఫేజ్, ఎడమన న్యూట్రల్, పైన ఉన్న పెద్ద రంధ్రంలో ఎర్త్ వచ్చాయని మళ్లీ కొలిచి, ఆ తరువాతే మూత వేశాము.