కర్టెన్ల కోసం పెడన దాకా

మియాపూర్‌లో మా ఫ్లాట్ కిటికీలకు మూడేళ్లలో మూడోసారి తెరలు మార్చాల్సొచ్చింది. మొదటివి గృహప్రవేశం హడావిడిలో కొన్న మెరూన్ పాలిస్టర్ కర్టెన్లు, వాటి గురించి చెప్పుకోడానికేం లేదు. రెండోవి జీబ్రా బ్లైండ్స్. గుడ్డ పట్టీ ఒకటి, జాలీ పట్టీ ఒకటి వరసగా ఉండి, గొలుసు లాగితే ఒకదాని మీదికి ఒకటి జరిగే రకం. ఆ ఏడాది మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింటికి వెళ్లినా అవే, అదే బూడిద రంగు, ఫోన్లో చూసే ఇళ్లన్నీ కూడా అదే బూడిద రంగు, దాంతో నేనూ పెట్టించేశాను. ఎనిమిది నెలలకి గొలుసు తెగింది. బిగించినతను ఫోనెత్తడు. పైగా జాలీ పట్టీల్లో దుమ్ము ఇరుక్కుంటే ఉతకడానికి ఉండదు, తడిగుడ్డతో తుడిస్తే మరకలు. ఇవన్నీ సరే, మా హాలు కిటికీ పడమరకి. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా సోఫా మీదికి వచ్చి కూర్చుంటుంది. బ్లైండ్ మొత్తం మూసినా వేడి ఆగలేదు, చీకటి మాత్రం వచ్చింది.

ఈ జనవరిలో సంక్రాంతికి గుడివాడ వెళ్లినప్పుడు అత్తయ్య దగ్గర ఈ గోడంతా వెళ్లబోసుకున్నాను. ఆవిడ ఏమీ అనకుండా లేచి, కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తీసి నా ఒళ్లో వేసింది. ఒకప్పుడు దుప్పటి, తర్వాత వంటింటి గుమ్మానికి తెర, ఇప్పుడు మిషను ముసుగు. కలంకారీ. వయసు ముప్పై ఏళ్ల పైనే. ఎరుపు మెత్తబడి ఇటుక రంగులోకి దిగింది. వెలుగుకి పట్టి చూస్తే ఒక వింత కనిపించింది: పువ్వుల చుట్టూ నల్ల గీతలు ఉన్నచోట మాత్రమే గుడ్డ తినేసినట్టు సన్నటి చీలికలు పడ్డాయి, గీత ఎలా వంపు తిరిగిందో చిరుగూ అలాగే వంపు తిరిగింది. మిగతా గుడ్డ గట్టిగానే ఉంది.

"ఇనప తుప్పు నలుపమ్మాయ్, ఏళ్లు గడిస్తే గుడ్డని కొరుకుతుంది" అంది అత్తయ్య. "రేపు పెడన పోదాం, ఇలాంటి గుడ్డ అద్దేది అక్కడే. అరగంట ప్రయాణానికి ఇంత ఏడుపా."

అరగంట కాదు గానీ గంటలోపే. గుడివాడ నుంచి బందరు వెళ్లే రైలెక్కితే గుడ్లవల్లేరు, కవుతరం దాటి పెడన. కోతలైపోయిన పొలాల్లో మినుము పచ్చగా ఉంది. ఎదురు సీటులో ఒకాయన బందరు లడ్డూ డబ్బాలు ఖాళీవి పోగేసుకుని వెళ్తున్నాడు, ఎందుకో అడగాలనిపించింది, అడగలేదు.

పెడనలో దిగి మొదట కనిపించిన షాపులోకే దూరాం. తానులు కప్పు దాకా ఉన్నాయి, నెమళ్లు, ఏనుగులు, బుద్ధుడి ముఖాలు, ధర కూడా చవకే. నేను అప్పుడే రెండు తానులు పక్కన పెట్టించేశాను. అత్తయ్య చేతిరుమాలు మంచినీళ్లతో తడిపి గుడ్డ మీద రుద్దింది, తిరగేసి వెనకవైపు చూసింది. వెనక దాదాపు తెల్లగానే ఉంది. ఒక పువ్వుకీ పక్క పువ్వుకీ వెంట్రుకవాసి కూడా తేడా లేదు. "ఇది చిలకలపూడి బంగారం" అని నా చెవిలో అని బయటికి నడిచింది. చిలకలపూడి పెడన తర్వాతి స్టేషనే, రోల్డ్‌గోల్డ్ నగలకి పేరున్న ఊరు. ఆ పోలిక విని రోడ్డు మీద నవ్వుతూ నిలబడిపోయాను. న్యాయంగా చెప్పాలంటే షాపతను మోసం చేయలేదు, అడిగితే "స్క్రీన్ ప్రింటేనండీ, కెమికల్ రంగులే" అని చెప్పేశాడు. పెడనలో స్క్రీన్ ప్రింట్ ఇప్పుడు బాగా జరుగుతోంది, అదీ ఒక బతుకుతెరువే. అడగందే ఎవరూ చెప్పరు, అంతే.

అచ్చుల పని చేసే షెడ్డు ఇంకో రెండు సందుల లోపల దొరికింది. రేకుల కప్పు కింద పొడుగాటి బల్లలు, వాటి మీద గోనెలు పరిచి పైన గుడ్డ బిగించారు. అక్కడి పెద్దాయనకి అరవై ఉంటాయి. మోచేతి దాకా నలుపు. టేకు అచ్చుని రంగు పళ్లెంలో ముంచి, గుడ్డ మీద పెట్టి, వెనక పిడికిలితో ఒక్కటి గుద్దుతాడు, అచ్చు లేస్తుంది, పక్కన పెడతాడు, మళ్లీ గుద్దు. కొలబద్ద లేదు, గీత లేదు. ఒక పువ్వు తీగ పక్క పువ్వు తీగని కలిసేచోట నూలుపోగంత ఎడం. అత్తయ్య అక్కడ వేలుపెట్టి "ఇదీ" అంది నాతో. షాపులో ఆవిడ వెతికి దొరక్క బయటికొచ్చింది దీని కోసమే.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఎరుపు. ముందుగా గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు, లేత పసుపు రంగుకి తిరుగుతుంది. ఇనప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లతో అచ్చు వేస్తే కరక్కాయ తగిలి అక్కడికక్కడే నల్లబడుతుంది. ఎరుపు అలా కాదు. పటిక, జిగురు కలిపి అద్దుతారు, చూస్తే ఏమీ వేసినట్టే ఉండదు, పాలిపోయిన మచ్చలు. అదనపు పటిక పోయేలా పారే నీళ్లలో జాడించి, ఎండలో వేసి, తర్వాత పెద్ద రాగి పాత్రలో ఎర్రరంగు వేసి మరగబెడతారు. మేం వెళ్లేసరికి ఒక తాను ఆ పాత్రలో తిరుగుతోంది. కర్రతో పైకెత్తినప్పుడల్లా పటిక తాకినచోట మాత్రమే ఎరుపు తేలుతూ వస్తోంది, మొదట గులాబీ, పావుగంటకి ఇటుక, ఆ తర్వాత పండు మిరపకాయ. పటిక లేనిచోట గుడ్డ రంగుని పట్టుకోదు. పక్కనే ఇంకొకతను పొయ్యిలో కట్టె ఎగదోస్తూ మా ఇద్దర్నీ చూసి "సినిమాలా చూస్తున్నారేంటమ్మా" అన్నాడు.

నేను ఎంచుకున్నది పెద్ద చెట్టు డిజైను, కొమ్మల్లో పక్షులతో. పెద్దాయన తలూపలేదు.

"కిటికీ ఎటు వైపమ్మా?"

పడమర అన్నాను.

"ఎండ నేరుగా పడుద్దా, బాల్కనీ అడ్డమా?"

హైదరాబాద్‌లో పోయిన మూడేళ్లలో నేను తెరల కోసం మాట్లాడిన వాళ్లెవరూ ఈ ప్రశ్న అడగలేదు, అందరూ అడిగింది సోఫా ఏ రంగు అని. నేరుగా పడుతుందని చెప్పాను. అయితే ఇది ఒంటిగుడ్డగా కట్టకండి, వెనక తెల్ల కాటన్ లైనింగ్ వేయించండి, లేకపోతే రెండు వేసవులకి పసుపు ఎగిరిపోతుంది, ఎరుపూ నలుపూ మాత్రం కొంత తట్టుకుంటాయి అన్నాడు. తన సరుకు గురించి తనే ఇలా చెప్పేవాడిని నేను షోరూముల్లో చూడలేదు. ఇంకో మాట కూడా అన్నాడు, ఎండ లోపలికొచ్చాక తెర ఆపేదేముంది, బయటే ఆపాలి, బాల్కనీకి వెదురు చిక్, అంటే వెదురు పుల్లల తెర, కట్టండి అని. అద్దం దాటి వచ్చిన వేడి ఇక గదిలోనే ఉంటుంది కదా. జీబ్రా బ్లైండ్ ఎందుకు ఓడిపోయిందో నాకు పెడనలో తెలిసింది. గుడివాడ ఇంట్లో వేసవికి వట్టివేళ్ల తట్టీలు గుమ్మం బయట కట్టి నీళ్లు చల్లేవాళ్లని అత్తయ్య అందుకుంది, ఇక ఆవిడా ఆయనా పాత వేసవుల్లోకి వెళ్లిపోయారు.

చెట్టు డిజైను ఎందుకు వద్దన్నాడంటే, కర్టెన్ కుచ్చిళ్లతో వేలాడుతుంది కాబట్టి గుడ్డలో సగం మడతల్లోకి పోతుంది. పెద్ద బొమ్మయితే పక్షి తోక ఒక మడతలో, ముక్కు ఇంకో మడతలో. గోడకి పరిచి కట్టేదానికైతే చెట్టు, కిటికీకైతే చిన్న బుటా. నాకు కాస్త మనసు ఒప్పలేదు, అయినా మామిడి పిందెల బుటా తీసుకున్నాను.

లెక్క అక్కడే కాగితం మీద వేశాం. కిటికీ వెడల్పు 60 అంగుళాలు, కుచ్చిళ్లకి రెట్టింపు అంటే 120, గుడ్డ పన్నా, అంటే వెడల్పు, 44, కాబట్టి మూడు పన్నాలు. కడ్డీ నుంచి నేల దాకా 90 అంగుళాలు, పైనా కిందా మడతలకి 10, ఉతికితే కుంచించుకుపోయేదానికి ఇంకో 5. అంటే ఒక్కో ముక్క 105 అంగుళాలు, రెండు మీటర్ల డెబ్భై. రెండు కిటికీలకి ఆరు ముక్కలు, పదహారు మీటర్ల పైచిలుకు. పదిహేడు తీసుకున్నాం, మీటరు 250. "ముక్కలు ముందు నీళ్లలో నానబెట్టి ఆరేసి అప్పుడే కుట్టడానికివ్వండి" అని రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ తలూపాను.

సాయంత్రం టైముందని బందరు వెళ్లి డచ్చివాళ్ల సమాధులు చూశాం. 1605లో వాళ్లు ఇక్కడ వర్తకస్థావరం పెట్టారు, 1611లో ఇంగ్లీషువాళ్లు. ఇద్దరికీ కావాల్సినవాటిలో ముఖ్యమైనది ఈ అద్దకం గుడ్డే. ఆ రోజుల్లో యూరప్‌లో దీనికి పుట్టిన పిచ్చి ముందు మన జీబ్రా బ్లైండ్ల మోజు ఏపాటిది! 1663లో లండన్‌లో ఒక నౌకాదళ ఉద్యోగి, తన భార్య గది గోడలకు కట్టడానికని మన దేశపు చీంటు, అంటే అద్దకం గుడ్డ, కొన్నట్టు డైరీలో రాసుకున్నాడు. మంచాల చుట్టూ తెరలు ఇవే, గోడలకూ ఇవే. తమ నేతగాళ్లు గోల పెడితే ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1721 చట్టంలో ఒంటి మీద బట్టలుగానే కాదు, ఇంటి సామానుకి వాడటం కూడా తప్పే అంది. కర్టెన్ కట్టుకుంటే నేరం! ఇదంతా అత్తయ్యకి చెప్తే, సమాధి రాయి మీద చెక్కిన అక్షరాలు తడుముతూ "మరి మనింట్లో వంటింటి గుమ్మానికి కట్టాం కదే, తాలింపు మసి పట్టిందని తిట్టుకునేదాన్ని" అంది.

మర్నాడు నేనొక్కదాన్నే బెజవాడ మీదుగా తిరుగు ప్రయాణం. మధ్యలో కొండపల్లి వెళ్లాను, షెల్ఫులో ఖాళీ ఉందని. తెల్లపొణికి కర్ర చెక్కుతున్న వాసన, చింతగింజల జిగురు వాసన, అంతే గుర్తుంది, అప్పటికే బ్యాగు బరువుకి భుజం పడిపోయింది. ఒక అంబారీ ఏనుగు కొన్నాను. హాల్లో ఉన్న బూడిద రంగు ప్లాస్టిక్ కుండీ తీసేసి దాని చోట పెట్టాను. మా ఆయన వారం తర్వాత గమనించారు.

ఇంటికొచ్చాక గుడ్డ కుట్టించడానికి ముందు వారం రోజులు కిటికీలకు ఏమీ కట్టలేదు. ఎండ ఎన్నింటికి ఎక్కడ పడుతోందో నేల మీద చాక్‌పీసుతో గీతలు పెట్టాను, మా అమ్మాయి తొక్కుడుబిళ్ల అనుకుంది. బెడ్‌రూమ్ కిటికీ తూర్పుకి, దానికి లైనింగ్ అక్కర్లేదని, హాలుకి తప్పదని తేలింది. బాల్కనీకి వెదురు చిక్ కట్టించాను. టైలరు "ఐలెట్ రింగులు పెట్టించండి మేడమ్, అవే నడుస్తున్నాయి" అన్నాడు. వద్దు, హుక్కులకి కుచ్చిళ్లు పెట్టు, ఉతికేటప్పుడు హుక్కులు తీసేసుకుంటాను అన్నాను. నడుస్తున్నాయి అనే మాట వింటేనే ఇప్పుడు టెన్షన్.

అయితే ఒక పొరపాటు చేశాను. ఆరు ముక్కలూ నానబెట్టాననే అనుకున్నాను, నానబెట్టింది అయిదు. ఆరోది బ్యాగు అడుగున కాగితంలో చుట్టి ఉండిపోయింది, టైలరుకి ఇచ్చేటప్పుడు దొరికితే అలాగే ఇచ్చేశాను. మొదటి ఉతుకులో బెడ్‌రూమ్ కర్టెన్ ఒక పక్క మూడంగుళాలు పైకి పోయింది. వీడియో కాల్లో అత్తయ్యకి చూపిస్తే "ఆయన రెండుసార్లు చెప్పాడు" అంది, అంతకుమించి ఏమీ అనలేదు. కింద మడత విప్పి దించాను. మిగతా వాటితో సమానంగా వచ్చింది గానీ, పాత మడత ఉన్నచోట అడ్డంగా ఒక గీత మిగిలిపోయింది, దాని కింద మూడంగుళాల మేర పిందెలు మిగతావాటికంటే కాస్త ముదురు ఎరుపులో ఉన్నాయి. ఆ ముక్కని మంచం వైపుకి మార్చి వేలాడదీశాను.