10 సెకన్లు ఆగి మరీ పీక నొక్కిన డాకర్

భీమవరం పక్కన మా బాబాయ్‌కి రొయ్యల చెరువులున్నాయి, నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో ఫోన్లో చూసుకోడానికి ఒక చిన్న యాప్ రాసిపెట్టా, ఫాస్ట్‌ఏపీఐ (పైథాన్‌లో వెబ్ సర్వర్ రాసుకునే ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, చెరువు గట్టు మీద షెడ్డులో ఒక పాత పీసీ, అందులో యాప్ నడిచేది డాకర్ కంటెయినర్లో, అంటే యాప్‌ని విడిగా పెట్టి నడిపే డబ్బా లాంటిదాన్లో. రీడింగులు మెమరీలో 50 పోగయ్యాక ఒకేసారి డేటాబేస్‌లో వేసేవాణ్ణి. పెద్ద తెలివనుకున్నా.

నేను డిప్లాయ్ చేసేది, అంటే పాత యాప్ ఆపి కొత్త కోడ్‌తో మళ్ళీ లేపేది, ఎలాగూ అర్ధరాత్రి దాటాకే, చేసినప్పుడల్లా గ్రాఫులో ఖాళీ. "ఏరా, మూడింటి లెక్క ఏదిరా, ఆక్సిజన్ పడిపోయేది తెల్లారుజామునే కదా" అన్నాడు బాబాయ్.

50 నిండక మెమరీలో మిగిలినవి షట్‌డౌన్‌లో రాసెయ్యమని లైఫ్‌స్పాన్ ఫంక్షన్‌లో ఈల్డ్ కింద, అంటే యాప్ ఆగేటప్పుడు నడిచే చోట, కోడ్ ఉంది మరి! లాప్‌టాప్‌లో కంట్రోల్ సీ కొడితే బ్రహ్మాండంగా నడుస్తుంది, షెడ్డులో పీసీ మీద మాత్రం లాగ్‌లో ఒక్క లైను రాదు. రెండు రాత్రులు పోయాక కనిపించిందేంటంటే, డాకర్ స్టాప్ కొడితే ప్రతిసారీ 10 సెకన్లు పడుతోంది, అంటే సిగ్‌టర్మ్ (సర్దుకుని ఆగమని చెప్పే సిగ్నల్) పంపి, 10 సెకన్లు చూసి, సిగ్‌కిల్ (ఉన్నపళంగా చంపేసే సిగ్నల్) కొట్టేస్తోందన్నమాట, అదొచ్చాక ఇంక క్లీనప్ ఎక్కడిది. తప్పు నాదే. స్టార్ట్ స్క్రిప్టులో మైగ్రేషన్లు (డేటాబేస్ టేబుళ్ళ మార్పులు) నడిపి కింద యువికార్న్ (ఫాస్ట్‌ఏపీఐ యాప్‌ని నడిపే సర్వర్) అని ఊరికే రాశా, దాంతో కంటెయినర్లో 1వ నంబర్ ప్రాసెస్ ఆ స్క్రిప్టు నడిపే షెల్లే, సిగ్నల్ దానికే వెళ్తుంది, అది కిందకి అందించదు, తనూ చావదు. యువికార్న్ ముందు ఎగ్జెక్ అని ఒక్క ముక్క తగిలిస్తే షెల్ జాగాలోకి యువికార్నే వచ్చేస్తుంది.

అయిపోయిందనుకున్నా, ఈసారి డేటాబేస్ కనెక్షన్ల పూల్ ముందే మూసేసి తర్వాత రీడింగులు రాయబోతోంది నా కోడు! నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు (పెద్ద పడవ) నడిపేవాళ్ళని చూసి నేర్చుకోవాల్సింది, టిక్కెట్లు ఆపుతారు, ఎక్కినోళ్ళని సఖినేటిపల్లి ఒడ్డున దింపుతారు, ఆ తర్వాతే ఇంజన్ ఆపుతారు, నేనేమో గోదారి మధ్యలో ఆపేశా.

ఇంకోటండి, బాబాయ్ గ్రాఫ్ పేజీ తెరిచి ఫోన్ పక్కన పడేస్తే ఆ స్ట్రీమింగ్ కనెక్షన్ తెగేదాకా యువికార్న్ కూర్చునే ఉంటుంది, మళ్ళీ 10 సెకన్లు, మళ్ళీ సిగ్‌కిల్. యువికార్న్‌లో టైమౌట్ గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ అనే ఆప్షన్ 5 సెకన్లకి పెడితే, అంతకు మించి ఎదురుచూడకుండా దారికొచ్చింది.

మొన్న కరెంటు పోయింది. చెరువులో గాలి కలిపే ఏరియేటర్లకి జనరేటర్ ఉంది, నా పీసీకి లేదు. సిగ్‌టర్మూ లేదు ఏమీ లేదు, మెమరీలో ఉన్నవన్నీ గోదాట్లో కలిసిపోయాయి. అప్పుడు కూర్చుని లెక్కేస్తే, ఆ సెన్సార్ పంపేదే నిమిషానికి ఒక్క రీడింగు, దానికి 50 పోగెయ్యడం ఏంటో నాకే అర్థం కాలేదు. ఇప్పుడు వచ్చింది వచ్చినట్టు రాసేస్తున్నా, షట్‌డౌన్ కోడ్‌లో మిగిలింది పూల్ మూసే లైను ఒక్కటే.