మూస పెంకుల మీద పీహెచ్‌డీ

బీటెక్‌లో నాది మెటలర్జీ. రెండేళ్లు చేసిన ఉద్యోగం మానేసి ఎంఏ ఆర్కియాలజీలో చేరతానంటే ఇంట్లో వారం రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. "రాళ్లు ఏరుకోవడానికా ఇంత చదివించింది?" అంది అమ్మ. నిజం చెప్పాలంటే ఆ తర్వాత ఆరేళ్లూ నేను చేసింది అదే.

పీహెచ్‌డీకి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వైపు పాత ఉక్కు తయారీని ఎంచుకున్నాను. ఆ ఉక్కు కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. హెన్రీ వాయ్‌సీ అనే డాక్టరు తయారీని దగ్గరుండి చూసి రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. 2010లో బెంగళూరులోని పరిశోధన సంస్థ నియాస్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి ఉత్తర తెలంగాణ అంతా సర్వే చేశాయి. దారి వేసే ఉంది కదా, మనం నడవడమే అనుకున్నాను.

తవ్వాలంటే ఏఎస్ఐ (భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ) లైసెన్స్ కావాలి, ఒంటరి స్కాలర్‌కి అది అయ్యే పని కాదు. కాబట్టి శాఖ అనుమతితో నేలపైన కనిపించేవాటినే జీపీఎస్‌లో గుర్తించి, ఫొటోలు తీసి, కొన్ని ముక్కలు తెచ్చుకునేవాణ్ణి. ఒక ఊరి చివర దిబ్బ మీద రెండు రోజులు తిరిగి, నోట్‌బుక్‌లో "ఇనుప చిట్టెం" అని రాసుకున్నాను, ఇనుము తీశాక మిగిలే వ్యర్థం అన్నమాట. మేకలు కాస్తున్న ముసలాయన ఒకరు నా చేతిలో ముక్క చూసి, "గది చిట్టెం గాదు బిడ్డా, మూస పెంకు" అన్నారు. మూస అంటే లోహం కరిగించే మట్టి పాత్ర. వాళ్ల తాతలది కొలిమి పనట.

గదికి వచ్చి కడిగి చూస్తే తల తిరిగింది. బయటివైపు గాజులా కరిగి మెరుస్తోంది. విరిగిన చోట నల్లటి మట్టి, దాన్నిండా ఊక అచ్చులు. వరి ఊక కలిపిన మట్టితో మూస చేసి, లోపల ఇనుము పెట్టి, మూత వేసి కాల్చేవాళ్లు. ఊక మాడి బొగ్గవుతుంది, అందుకే ఆ నలుపు. లోపలి గోడకు సన్నటి అంచు ఒకటి చుట్టూ తిరిగి ఉంది. కరిగిన ఉక్కు ఎంత ఎత్తుకు నిలిచిందో ఆ గీత చెబుతుంది. నాలుగేళ్లు మెటలర్జీ చదివి కూడా దాన్ని చిట్టెం అని రాశాను!

అసలు టెన్షన్ యూనివర్సిటీలో. హిస్టరీ వాళ్లు "ఇది ఇంజినీరింగ్" అన్నారు, ఇంజినీరింగ్ వాళ్లు "ఇది హిస్టరీ" అన్నారు. మట్టి ముక్కలు పెడితే మైక్రోస్కోప్ పాడవుతుందని ఒక ల్యాబ్ వాళ్లు నా సంచీ తిప్పి పంపేశారు. కో-గైడ్ దొరికి ఫైలు కదలడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా దిబ్బలో సగం ట్రాక్టర్లలో వెళ్లిపోయింది, పొలం బాటకి పోశారట. రైతును తప్పు పట్టలేను, ఆయనకి అది దున్నడానికి అడ్డం.

థీసిస్ అయింది, ఉద్యోగం మాత్రం ఇంకా గెస్ట్ ఫ్యాకల్టీయే. నాలా పాత పరిశ్రమల ఆనవాళ్లు చదివేవాళ్లకి ఇండస్ట్రియల్ ఆర్కియాలజీ అని పోస్టు ఇప్పటిదాకా నా కంటపడలేదు. అప్లికేషన్‌లో సబ్జెక్టు అన్నచోట ఆర్కియాలజీ అని నింపుతాను, ఇంటర్వ్యూలో శాసనాల గురించి అడుగుతారు.

మొన్న వేసవిలో ఇద్దరు విద్యార్థుల్ని ఆ మిగిలిన సగం దిబ్బ దగ్గరికి తీసుకెళ్లాను. ఒకమ్మాయి పెంకు తీసి "సార్, చిట్టెమా?" అంది. నీళ్ల సీసా ఇచ్చి, కడిగి చూడమన్నాను.